మా బడి క్యాలెండర్లో లేని సెలవు

పోయిన ఏడాది డిసెంబర్ మూడో వారంలో బిడ్డ వాళ్ల బడి వాట్సాప్ గ్రూపులో పొడుగాటి మెసేజ్ వచ్చింది. సంక్రాంతి సెలవుల లోపల ఏమేం ఉన్నాయో అన్నీ రాశారు. రామానుజన్ పుట్టినరోజు డిసెంబర్ 22 ఆదివారం పడింది కాబట్టి గణిత దినోత్సవం 21న. 24న సెమీ క్రిస్మస్, కేకు తేవద్దు, బడిలోనే ఇస్తాం. జనవరి 3న సావిత్రిబాయి ఫూలే జయంతికి ఆడపిల్లల నాటిక. సెలవులకు ముందురోజు ముగ్గుల పోటీ. అన్నిటి మధ్యన ఒక లైను: 30 సోమవారం ఆరు, ఏడు తరగతుల ప్రాజెక్టుల ప్రదర్శన, తల్లిదండ్రులు తప్పక రావాలి.

నేను అది పైకి చదువుతుంటే అత్తమ్మ చిక్కుడుకాయ గిల్లడం ఆపి, "ఆ నాడు ఎల్లమాస గదా" అంది.

మా చిరాగ్‌పల్లి తెలియని వాళ్లకు చెప్తాను. జహీరాబాద్ దాటి ముంబయి హైవే మీద పోతుంటే తెలంగాణ అయిపోయే చోట ఉంటుంది. చిరాగ్ అంటే ఉర్దూలో దీపం, పల్లి మన తెలుగే. ఊరి పేరే రెండు భాషల్లో ఉంటే ఇక ఇళ్లల్లో మాటల సంగతి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో అత్తమ్మకు కోపం వస్తే కన్నడం, లెక్కలు చెప్పాలంటే ఉర్దూ అంకెలు, మిగతాదంతా తెలుగు.

నాది సిద్దిపేట దిక్కు. 2003లో పెళ్లయి ఇక్కడికి వచ్చేదాకా ఎల్లమాస అన్న మాటే వినలేదు. మార్గశిర బహుళ అమావాస్య అది. కన్నడంలో ఎళ్లు అంటే నువ్వులు, ఎళ్లమావాస్య నోట్లో నలిగి ఎల్లమాస అయింది. బీదర్, గుల్బర్గా దిక్కు ఇది చాలా పెద్ద పండుగ, సరిహద్దుకు ఇవతల మాకూ అంతే. మన దగ్గర కొన్ని ఊళ్లల్లో దీన్నే శూన్యం పండుగ అంటారు. గుడికి పోయేది కాదు, చేనుకు పోయే పండుగ. యాసంగి జొన్న పొట్టకొచ్చి, శనగ కాయ పట్టి, కుసుమలు ముళ్లు తేలే రోజులు. చేను నిండు చూలాలితో సమానం అంటారు. కడుపుతో ఉన్న ఆడపిల్లకు నోటికి హితవైనవన్నీ వండిపెట్టినట్టే చేనుకూ పెట్టాలి.

పెట్టేది భజ్జి. మిరపకాయ బజ్జీ అనుకునేరు, అది కాదు. పచ్చి శనగలు, అనుములు, కందిగింజలు, పల్లీలు, బఠానీ, వంకాయ, మెంతికూర, పాలకూర, చుక్కకూర, ఆ రోజు చేతికందిన ప్రతి ఆకూ ప్రతి గింజా వేసి, చింతపండు పులుసు పోసి, శనగపిండి కలిపి ఉడికిస్తారు. దానికి తోడు నువ్వులద్దిన సజ్జరొట్టె, జొన్న అంబలి, ఇంకా పోళీలు. ముందురోజు రాత్రంతా పొయ్యి ఆరదు. తెల్లారాక గంపల్లో సర్దుకుని ఇంటిల్లిపాదీ చేనుకు. అక్కడ అయిదు రాళ్లకు సున్నం పూసి పాండవులని నిలబెడతారు, చుట్టూ జొన్నచొప్పతో చిన్న గుడిసె కడతారు. పూజయ్యాక భజ్జి, అంబలి, రొట్టె ముక్కలు చేను చుట్టూ తిరుగుతూ చల్లుతారు. ముందు ఒకరు కేక వేస్తే వెనక వాళ్లు బదులు కేక వేస్తారు. ఆ తర్వాత తిండి. పిల్లలకు పచ్చి శనగలు, ఊసబియ్యం, గాలిపటాలు.

నా మొదటి ఎల్లమాస సంగతి నేనే చెప్పుకోవాలి. మా ఆయన అన్న కొడుకు అప్పుడు నాలుగో తరగతి. వాడు బడికి పోనని మొండికేస్తే, కొత్త కోడలిని, బి.ఏ. చదివినదాన్ని, "పండుగ పేరుతో బడి ఎగ్గొడతావా" అని చెయ్యి పట్టుకుని నేనే తీసుకుపోయాను. బళ్లో సారు ఒక్కరే ఎండలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. మమ్మల్ని చూసి, "ఎందుకొచ్చిన్రమ్మా, ఇయ్యాల ఎవ్వరూ రారు" అన్నారు. వాడు ఇంటిదాకా నా ముందు పరుగెత్తాడు. ఇప్పటికీ ఎల్లమాస వస్తే ఆ కథ నాకు వినిపించకుండా ఉండడు.

బడి తెరిచి ఉంటుంది, పిల్లలుండరు. ఇది ఎప్పటి నుంచి అని చాలా రోజులు అనుకున్నాను. జవాబు కొంత మా ఇంట్లోనే దొరికింది.

మామయ్యగారి అన్న జహీరాబాద్‌లో చుట్టాలింట్లో ఉండి మిడిల్ స్కూలు చదివాడట. నిజాం కాలంలో మిడిల్ పాసంటే చిన్న మాట కాదు, ఊళ్లో చిట్టీ పత్రం చదవాలన్నా రాయాలన్నా ఆ మనిషి దగ్గరికే పోయేవాళ్లు. ఇంట్లో ఏ భాష మాట్లాడినా పై చదువు ఉర్దూలోనే. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది, కింది బళ్లూ ఆ దారే పట్టాయి. వారం సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. సంవత్సరం ఫసలీ, అక్టోబర్‌లో ఆజూర్ నెలతో మొదలయ్యేది. తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్. పాత పహాణీల్లో ఫసలీ సంవత్సరాలు చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. మన మార్గశిరం, పుష్యం వాళ్ల బహమన్, ఇస్ఫందార్‌లలో పడేవి. ఆ క్యాలెండర్ రాసినవాళ్లకు జొన్న ఎప్పుడు పొట్టకొస్తుందో పట్టింపు లేదు. ఫసలీ అన్న మాట ఫసల్ నుంచి, అంటే పంట నుంచి వచ్చింది కదా, మరి ఇదేంటని నాకు నవ్వొస్తుంది. ఆ పంట లెక్క శిస్తు వసూలు కోసం.

పెద్ద మామయ్య కాపీ పుస్తకం ఒకటి ట్రంకు పెట్టెలో ఉంది. అట్ట పోయింది, చెదలు ఒక మూల తిన్నాయి. ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవడం రాదు. మా వీధిలో ఉండే చాచాకు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ చదివిపెట్టాడు. దస్తూరీ పాఠాలు, గుణింతాలు, ఒకచోట సెలవు చీటీ నమూనా. బహమన్ నెల, 1355 ఫసలీ. మన లెక్కలో 1945 డిసెంబరో, 46 జనవరి మొదలో. జ్వరం వచ్చినందున ఒకరోజు సెలవు ఇప్పించగలరు అని ఉందట. అత్తమ్మ విని పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "జరం గాదు పాడు గాదు, ఎల్లమాస" అంది.

అత్తమ్మ చదువుకున్నది మూడో తరగతి దాకా, అదీ కన్నడంలో. పుట్టిల్లు నిర్ణా దిక్కు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మా ఇళ్లల్లో ఆడవాళ్లందరి బతుకూ ఆ గీతకు అటో ఇటో ఉంది. పోలీసు చర్య తర్వాత కూడా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోదే. 1956 నవంబర్ 1న భాషల లెక్కన రాష్ట్రాలు విడదీసినప్పుడు జహీరాబాద్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, ఒక్క నిర్ణా సర్కిల్ తప్ప. అది బీదర్‌తో పాటు మైసూరు రాష్ట్రానికి పోయింది. నారాయణఖేడ్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ కూడా ఇటే వచ్చాయి. మేం మెదక్ జిల్లా అయ్యాం, 2016లో సంగారెడ్డి జిల్లా.

అత్తమ్మకు అప్పుడు ఎనిమిదేళ్లు. తమ ఊళ్లో ఏమీ మారలేదంటుంది, సారు అదే సారు, పలక అదే పలక. ఇవతలి ఊళ్లో ఉన్న మేనత్త పిల్లలకు మాత్రం తెలుగు వాచకాలు వచ్చాయట. అంతకుముందు పండుగకు కలిసినప్పుడు ఒకే పలక మీద రాసుకునేవాళ్లు, ఆ తర్వాత ఒకరి అక్షరాలు ఒకరికి వింతయ్యాయి. చూస్తే చుట్టరికమున్న అక్షరాలే, తలకట్టు దగ్గర తేడా. పెళ్లయి ఇవతలికి వచ్చాక తనకు వచ్చిన ఆ కాస్త చదువూ అక్కరకు రాలేదు. బస్సు బోర్డు చదవలేకపోయేది. మా ఆయన బడిలో ఇచ్చిన మార్కుల కార్డు మీద తెలుగు రాక వేలిముద్ర వేసింది. "నాకు సంతకం వస్తది, కన్నడంల. సారు వద్దన్నడు" అని ఒకసారి చెప్పింది. ఆ ముక్క చెప్పినప్పుడు ఆమె మొహం చూడలేక నేను లేచి వంటింట్లోకి పోయాను.

రాజధాని హైదరాబాదే అయినా క్యాలెండర్లు మారుతూ వచ్చాయి. శుక్రవారం పోయి ఆదివారం వచ్చింది. ఫసలీ పోయి జనవరి వచ్చింది. ఇప్పుడు బతుకమ్మ, దసరాకు పెద్ద సెలవులు, సంక్రాంతికి చిన్నవి, మిషన్ స్కూళ్లకు క్రిస్మస్ సెలవులు. ఏ క్యాలెండర్లోనూ ఎల్లమాస లేదు. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్లను తప్పుపట్టలేం, సిద్దిపేటలో పుట్టిన నాకే తెలియలేదు.

సరే, మళ్లీ ప్రదర్శన దగ్గరికి వస్తాను. బిడ్డ ఏడో తరగతి. ప్రాజెక్టు కోసం రెండు వారాలుగా ఇల్లంతా అట్టలు, జిగురు. 30న పోకపోతే పేరు పోతుందని దాని ఏడుపు. అత్తమ్మకు మోకాళ్లు పట్టేశాయి, చేను చుట్టూ తిరగలేదు. ఈసారి గంప మనవరాలి నెత్తిన పెడతానని దీపావళి నుంచే అంటోంది. ఇద్దరూ నా మొహమే చూశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోరిని బడికి పంపితే ఆమెకు కష్టం, ఆపితే దీనికి కష్టం. ఇరవై ఏళ్ల కింద పిల్లాడి చెయ్యి పట్టుకుని లాక్కుపోయినదాన్ని నేనే కదా.

బిడ్డే ఒక ప్రశ్న వేసింది. "అమ్మా, పండుగ ఏడాదికోసారి అయితే, 2023లో రాలేదేం?" నిజమే. పాత క్యాలెండర్లు తీసి చూస్తే 2022లో రెండుసార్లుంది, జనవరి 2న, డిసెంబర్ 23న. 2023లో అసలు లేదు. 2024లో మళ్లీ రెండు, జనవరి 11, డిసెంబర్ 30. నేను చదివిన బి.ఏ. తెలుగులో ప్రబంధాలున్నాయి గాని పంచాంగం లేదు. పక్కింటి అయ్యగారిని అడిగాం. చంద్రుడి ఏడాది 354 రోజులు, సూర్యుడిది 365. ఏడాదికి పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. అది సరిచెయ్యడానికి రమారమి ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకోసారి అధికమాసం వేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, దాంతో డిసెంబర్‌లో రావాల్సిన అమావాస్య జనవరికి తోసుకుపోయింది. 2020లో కూడా ఎల్లమాస లేదు, ఆ ఏడు అధిక ఆశ్వయుజం. బిడ్డ అప్పటిదాకా చేసిన అట్టలన్నీ పక్కన పడేసి కొత్త చార్టు మొదలుపెట్టింది. పన్నెండేళ్ల పట్టిక, ఎర్ర చుక్కలతో. పైన "మా ఊరి సెలవు ఎందుకు జరుగుతుంది?" అని పేరు.

ఈలోగా ఆడవాళ్లం ఒక పని చేశాం. 2024లో మన రాష్ట్రంలో బళ్లకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు కదా, మహిళా సంఘాల వాళ్లతో. నల్లా బాగుచేయించడం, మరుగుదొడ్ల తలుపులు, ఇవి దాని పనులు. కమిటీలో ఉన్న మా వదిన వరసామె, నేను, ఇంకో ముగ్గురం పెద్దసారు దగ్గరికి పోయాం. ఆయనది ఈ దిక్కు కాదు, ఎల్లమాస అంటే తెలియదు. సెమీ క్రిస్మస్‌కు మీరు ఒక్కరోజు ఎంచుకున్నట్టే దీనికీ ఎంచుకోండి సార్ అన్నాం. నా పక్కనున్నామె ఇంకో మాట అంది: "తెరిచినా ఎవ్వరూ రారు సార్, మధ్యాహ్నం బువ్వ వండి ఎవరికి పెడతరు?" ఆయన కాసేపు ఆలోచించి ప్రదర్శన 28 శనివారానికి జరిపారు. స్థానిక సెలవు సంగతి వచ్చే ఏడాది చూద్దాం, ఒక పనిదినం ఆదుకోవాల్సి ఉంటుంది అన్నారు. అంతా సులువుగా కాలేదు. తేదీ మారిస్తే కూలి పోతుందని ఇద్దరు తల్లులు గ్రూపులో గట్టిగానే అడిగారు, వాళ్లు సోమవారం ఎలాగూ పనికి పోరు కాబట్టి ఆ రోజే ఉండాల్సిందని. వాళ్లదీ న్యాయమే. వాళ్లిద్దరూ శనివారం రాలేదు.

28న బిడ్డ చార్టు ముందు అత్తమ్మను కూర్చోబెట్టాం. వచ్చిన ప్రతివాళ్లకూ బిడ్డ అధికమాసం చెప్తుంటే, అత్తమ్మ తను తెచ్చిన భజ్జి గింజలు అరచేతిలో పోసుకుని పేర్లు చెప్పింది, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి. మొదటి బహుమతి నీటి రాకెట్‌కు వచ్చింది. బిడ్డ మొహం గంటసేపు మాడిపోయే ఉంది.

సోమవారం గంప దాని నెత్తిన ఎక్కింది. పావు చేను తిరిగేసరికి మెడ నొప్పి అని గోల. అత్తమ్మ గట్టు మీద కూర్చునే కేక వేసింది, బిడ్డ బదులు పలికింది. ఆ కేకలో మాటలు దానికి తెలియవు, నాకూ పూర్తిగా తెలియవు.

ఈ ఏడు డిసెంబర్ మెసేజ్ మొన్న వచ్చింది. గణిత దినోత్సవం, సెమీ క్రిస్మస్, ముగ్గులు అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా పైన "19 శుక్రవారం, ఎల్లమ్మ మాసం, స్థానిక సెలవు" అని ఉంది. బిడ్డ వెంటనే గ్రూపులో తప్పు దిద్ది పెట్టింది. అత్తమ్మ ఆ లైను మళ్లీ చదవమంది. శుక్రవారం అని వినగానే, "మా పెద్ద బావ కాలంల అయితే ఎట్లనైనా సెలవే ఉండె, జరం రాకపోవు" అంది.