జాబితాలో కనిపించని కంప్యూటరు

ఒక పాఠశాల ప్రయోగశాలలో పది కంప్యూటర్లు ఉన్నవనుకొందాము. కొన్ని తీగతోను, కొన్ని తీగ లేకుండా వైఫై ద్వారాను ఒకే నెట్‌వర్కులో కలిసి ఉన్నవి. కొన్నింటిలో విండోస్, కొన్నింటిలో లినక్స్, ఒకదానిలో మాక్ నడుస్తున్నది. ఒకదానిలోని ఫైలును మరొకదాని నుండి తెరువబోతే, జాబితాలో ఆ కంప్యూటరు పేరే కనిపించదు. కాని దాని ఐపి చిరునామాను అంకెలలో టైపు చేస్తే ఫైలు వెంటనే తెరచుకొంటుంది. యంత్రమున్నది, దారి ఉన్నది, ఫైలు ఉన్నది. పేరు మాత్రమే లేదు! ఈ వింతకు కారణము తెలియవలెనంటే నలభై ఏండ్లకు పైబడిన చరిత్రను కొంత తిరగవేయవలసి ఉంటుంది.

1983 ప్రాంతములో ఐబిఎం సంస్థ తన చిన్న కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలుపదలచినది. అందుకై సైటెక్ అనే సంస్థ నెట్‌బయాస్ అనే పద్ధతిని తయారుచేసినది. ఐబిఎంలోనే బారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు ఎస్‌ఎంబి అనే మరొక పద్ధతిని రూపొందించినారు. ఈ రెండింటి పనులు వేరు వేరు. పేరు పెట్టి పిలవడము నెట్‌బయాస్ పని. ఫైలును ఇచ్చి పుచ్చుకొనడము ఎస్‌ఎంబి పని. ఈ తేడాను జ్ఞాపకముంచుకొంటే తరువాతి చిక్కులన్నీ సులభముగా విడిపోతవి.

నెట్‌బయాస్ పద్ధతి మన పల్లెల్లోని దండోరా వంటిది. కొత్తగా చేరిన కంప్యూటరు "నా పేరు ఫలానా, ఎవరికైనా అభ్యంతరమా?" అని అందరికీ వినబడేటట్లు చాటుతుంది. ఎవరూ మారు పలుకకపోతే ఆ పేరు దానిదే. పేరు 15 అక్షరాలకు మించరాదు. ఒక గదిలోని కొద్దిపాటి యంత్రాలకు ఇంతకంటె సులువైన ఏర్పాటు లేదు. 1987 మార్చిలో ఇదే పద్ధతిని ఇంటర్నెట్ నియమాలైన టిసిపి/ఐపి మీద నడిపే విధానము ప్రకటింపబడినది. అయితే ఒక వీధిలో వేసిన దండోరా పొరుగూరికి వినబడదు. అట్లాగే ఒక నెట్‌వర్కులోని చాటింపు సాధారణముగా రౌటరును దాటి మరొక నెట్‌వర్కుకు పోదు.

1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ వచ్చిన తరువాత చుట్టుపట్ల కంప్యూటర్ల పేర్లు తెర మీద జాబితాగా కనిపించసాగినవి. ఈ జాబితా ఎట్లా తయారైనది? యంత్రాలు తమలో తాము ఎన్నిక జరుపుకొని, ఒకదానిని హాజరు పట్టీ వ్రాసే పనికి నియమించుకొనేవి. ప్రతి యంత్రము మొదట తరచుగాను, పిమ్మట 12 నిమిషాలకు ఒకసారిగాను తన ఉనికిని చాటేది. వరుసగా మూడు మార్లు పలుకకపోతేనే, అనగా 36 నిమిషాలకు, దాని పేరు కొట్టివేసేవారు. ఆ పట్టీ నకలు ఉంచుకొనే యంత్రాలు 15 నిమిషాలకు ఒకసారి దానిని సరిచూచుకొనేవి. కనుక ఆరిపోయిన కంప్యూటరు పేరు 51 నిమిషాల వరకు కనిపిస్తూనే ఉండవచ్చును! జాబితా అనేది కంటితో చూచిన సాక్ష్యము కాదు; చెవితో విని వ్రాసుకొన్న పట్టీ మాత్రమే.

సరిగా ఆ రోజులలోనే ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, యూనిక్స్ యంత్రములోని ఫైళ్లను డాస్ కంప్యూటరులో చూడగోరినారు. తీగ మీద సాగిపోయే సందేశపు ముక్కలను పట్టి పరీక్షించి, వాటి భాషను ఊహించి, 1992లో ఒక ప్రోగ్రామును విడుదల చేసినారు. ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరుసలో వచ్చే మాటను పదాల పట్టికలో వెదికించి, తరువాత దానికి సాంబా అని పేరు పెట్టినారు. జాతి వేరైన యంత్రాలు ఫైళ్లు పంచుకొనడానికి దారి ఇట్లా ఏర్పడినది.

వైఫైకి మొదటి ప్రమాణము 1997లో వెలువడినది. 2002లో ఆపిల్ సంస్థ, నేడు బోంజూర్ అని పిలువబడే తన సొంత చాటింపును ప్రవేశపెట్టినది. దీనితో ఒకే గదిలో భాష వేరైన దండోరాలు బయలుదేరినవి. పైగా వైఫైలో ఒక యంత్రానికి ప్రత్యేకముగా పంపిన సందేశము అందినట్లు జవాబు రాకపోతే మరల పంపుతారు. అందరికీ కలిపి చాటిన దానికి అట్టి రసీదు లేదు. కనుక చాటింపు దారిలో పోయినా పంపిన వానికి తెలియదు. అతిథుల కొరకు పెట్టిన వైఫైలో యంత్రాలు ఒకదానితో ఒకటి మాటాడకుండా అడ్డుకట్ట వేయడము కూడా పరిపాటి.

2017లో పెద్ద దెబ్బ తగిలినది. విండోస్‌లోని ఎస్‌ఎంబి మొదటి కూర్పులో ఉన్న లోపానికి మార్చి 14న మైక్రోసాఫ్ట్ సవరణ ఇచ్చినది. సవరించుకొనని యంత్రాలపై మే 12న వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము విరుచుకుపడి, ఫైళ్లకు తాళము వేసి సొమ్ము అడిగినది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు ఆగిపోయినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని బారిన పడినవి. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి, కొత్తగా ఎక్కించే విండోస్‌లో ఆ పాత పద్ధతిని మామూలుగా చేర్చడము మానివేసినారు. దానిపై ఆధారపడిన హాజరు పట్టీ కూడా దానితోనే పోయినది. కొత్త చాటింపు భాష తెలియని సాంబా యంత్రాలు చక్కగా పనిచేస్తూనే జాబితా నుండి మాయమైనవి.

ఈ చరిత్రను ఎరిగినవారికి తప్పు వెదకే వరుస దానంతట అదే తెలుస్తుంది. రెండు యంత్రాలూ ఒకే నెట్‌వర్కులో ఉన్నవా, ఒకటి అతిథి వైఫైలో ఉన్నదా అని మొదట చూడవలెను. తరువాత ఐపి చిరునామాతో పిలువవలెను. పలికితే లోపము పేరులోనో, చాటింపులోనో ఉన్నదన్నమాట. విండోస్‌లో ఆ నెట్‌వర్కును పబ్లిక్ అని గుర్తించినా యంత్రము కనిపించదు. పలుకకపోతే ఫైర్‌వాలును, ఎస్‌ఎంబి కూర్పును పరీక్షించవలెను. పలికి కూడా తలుపు తీయకపోతే పాస్‌వర్డును, అనుమతులను చూడవలెను.

జాబితాలో పేరు కనిపించడము కొరకు కొందరు ఎస్‌ఎంబి మొదటి కూర్పును తిరిగి తెరుస్తూ ఉంటారు. చిరునామా టైపు చేసే శ్రమ తప్పించుకొనడానికి, వానాక్రై ప్రవేశించిన ద్వారాన్ని మరల తెరచి ఉంచడము తెలివైన పని కాదు.