పోత ఇనుము, పాత మూకుడు: హౌరా చెప్పే చరిత్ర

హుగ్లీ నది పశ్చిమ తీరాన వెలసిన హౌరాకు ఒకప్పుడు ‘తూర్పు షెఫీల్డ్’ అన్న ప్రశస్తి ఉండేది. 1854 ఆగస్టు 15న ఇక్కడి నుంచి హుగ్లీ పట్టణానికి తొలి ప్రయాణికుల రైలు నడిచింది. రైలుమార్గాలకు, జనపనార మిల్లులకు, ఓడల మరమ్మతు రేవులకు కావలసిన ఇనుప భాగాలను పోతపోసే కార్ఖానాలు క్రమంగా విస్తరించాయి. 1870 దశకంలో కుల్టీ ప్రాంతంలో దుక్క ఇనుము తయారీ మొదలుకావడంతో ముడిసరుకూ చేరువైంది. బెలిలియస్ రోడ్డు, లిలువా పరిసరాలలో ‘ఢాలాయి’ అనగా పోతపని, తరతరాల జీవనాధారమైంది.

ఇసుకలో నమూనాను అదిమి అచ్చు తీస్తారు. కుపోలా కొలిమిలో కోక్, సున్నపురాయితో కలిపి కరిగించిన ఇనుమును అందులో పోస్తారు. స్వచ్ఛమైన ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు. పోత ఇనుములో కర్బనం సుమారు 2 నుంచి 4 శాతం ఉండటంవల్ల 1,200 డిగ్రీల లోపే కరుగుతుంది. ఆ కర్బనమే దానికి పెళుసుదనాన్నీ ఇస్తుంది. సాగగొట్టిన ఇనుప మూకుడు కిందపడితే సొట్టపోతుంది, పోతపోసినది పగులుతుంది. చైనాలో రెండువేల ఏళ్లకు పూర్వమే పోత ఇనుము వాడుకలో ఉండగా, ఇంగ్లండులో ఇసుక అచ్చులలో ఇనుప కుండలు పోసే పద్ధతికి అబ్రహాం డార్బీ 1707లో పేటెంటు పొందాడు.

పాత ఇనుము తిరిగి కొలిమికి చేరడం పోతపని లోకంలో సహజం. విరిగిన యంత్రభాగమైనా, తుప్పుపట్టిన వంటపాత్రయినా అక్కడ తుక్కే. లోహం మిగులుతుంది, వస్తువు మాయమవుతుంది. పైగా కరిగించడానికి కోక్ కావాలి, పొగ తప్పదు. ఈ సమస్యను తగ్గించేందుకే టాటా శక్తి పరిశోధన సంస్థ 1998లో ఇంధనాన్ని పొదుపు చేసే నమూనా కుపోలాను హౌరాలో నెలకొల్పింది. పాత మూకుడును బాగుచేసుకోవడానికి మాత్రం వంటింటి పొయ్యి చాలు.

ఈ పనికి కొత్తగా పూనుకునేవారు ముందుగా పాత్రను పరీక్షించాలి. వేలితో తడితే గంటలా మోగితే మంచిదే. బొంగురుగా పలికితే పగులు ఉందేమోనని అనుమానించాలి. సీసం కరిగించిన పాత్ర వంటకు పనికిరాదు. తుప్పును కొబ్బరిపీచు, ఉప్పుతో రుద్ది, వదలనిచోట సమపాళ్ల వెనిగర్, నీళ్లలో కొద్దిసేపు మాత్రమే నానబెట్టాలి; ఎక్కువసేపు ఉంచితే లోహమే తినివేయబడుతుంది. కడిగి, సన్నసెగపై తడి ఆర్చి, అవిసెనూనె వంటిది పలుచగా పూసి తుడిచివేసి, పొగ వచ్చేవరకు వేడిచేసి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. వేడికి నూనె అణువులు ప్రాణవాయువుతో చర్య జరిపి, ఒకదానితో ఒకటి పెనవేసుకొని, గట్టి నల్లని పొరగా మారతాయి. నూనె మందంగా పూస్తే జిగురు మిగులుతుంది. ఆ పొర ముదిరేవరకు చింతపండు పులుసు కాచరాదు. పులుపు దానిని కరిగిస్తుంది. వేడి పాత్రపై చన్నీళ్లు పోస్తే అది పగిలే ప్రమాదముంది.

పాత నల్లపొర వదిలించాలని పాత్రను నిప్పులలో వేయడం, మెరుపు కోసం యంత్రంతో అరగదీయడం తొలి ప్రయత్నాలలో తరచు జరిగే పొరపాట్లు. మొదటిది పాత్రను వంకరపరచవచ్చు. రెండవది చరిత్రను చెరిపివేస్తుంది. హౌరాలో పోసిన మ్యాన్‌హోల్ మూతలు న్యూయార్క్ వీధులలో ఉన్నాయి. నటాషా రహేజా 2014లో తీసిన ‘కాస్ట్ ఇన్ ఇండియా’ అనే డాక్యుమెంటరీకి వాటిని తయారుచేసే శ్రామికులే ఇతివృత్తం. మూతపై దేశం పేరు ఉంటుంది గాని, అచ్చు కట్టినవాని పేరు ఉండదు. మూకుడుపైనా ఉండదు. అడుగున కనిపించే ఇసుక గరుకుదనం, ద్రవలోహం పోసినచోటి గాటు మాత్రమే ఆ అజ్ఞాత శ్రామికుని చేవ్రాలు. తుప్పును తొలగించి ఆ గుర్తును నిలిపినప్పుడే పాత్రతోబాటు పనివాని జ్ఞాపకమూ దక్కుతుంది.