బ్రహ్మదండి: పేరు మనది, ఊరు మెక్సికో

ఇంగ్లీషులో పాపీ అనే పూల కుటుంబం ఉంది. అందులో ఇద్దరు మనకు బాగా తెలుసు. ఒకటి వంటింట్లో ఉండే గసగసాలు. రెండోది మా మొగుళ్లపల్లి దిక్కు చెలకల్లో, రోడ్ల పక్కన యాసంగి రోజుల్లో పసుపు పూలతో కనిపించే ముళ్ల మొక్క, బ్రహ్మదండి. కొందరు దీన్నే బలురక్కసి అంటారు. ఒకే మొక్కకు ఒక పేరులో దేవుడు, ఇంకో పేరులో రాక్షసి! ఈ కథ వింటే రెండూ కరెక్టే అనిపిస్తుంది.

ముందు గసగసాలు. ఈ మొక్క పచ్చి కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. చరకుడు, సుశ్రుతుడు దీని గురించి రాయలేదు. 13-14 శతాబ్దాల నాటి శార్‌ఙ్గధర సంహితలో 'అహిఫేనం' అనే పేరుతో కనిపిస్తుంది. అహి అంటే పాము, ఫేనం అంటే నురగ. నిజానికి పాముతో సంబంధం లేదు. అరబ్బుల 'అఫ్యూన్' అనే మాటకు మనవాళ్లు సంస్కృతం డ్రెస్సు వేశారు. నొప్పికి, విరేచనాలకు దీన్ని మందుగా వాడారు. ఏడ్చే పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా పెట్టేవాళ్లు, అది ప్రాణం మీదికి తెచ్చే అలవాటు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఈ మొక్క పెంచడం నేరం. గింజలు మాత్రం కొనుక్కోవచ్చు, మటన్ కూరకేం ఢోకా లేదు.

ఇప్పుడు బ్రహ్మదండి. పేరు వింటే ఏదో రుషుల కాలం నాటిదనిపిస్తుంది కదా? దీని సొంత ఊరు మెక్సికో చుట్టుపక్కల దేశాలు. అక్కడ దీన్ని చికలోటె అంటారు. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే ఇది సముద్రాలు దాటింది. మన మిర్చి కూడా అట్లా వచ్చిందే. అంటే మిర్చి తోట, దాని ఒడ్డు మీది బ్రహ్మదండి, రెండూ ఒకే దిక్కు నుంచి వచ్చినయ్.

సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలినా వెర్షన్ హిస్టరీ చూసే అలవాటు నాకు పోలేదు. పాత ఆయుర్వేద గ్రంథాల్లో 'స్వర్ణక్షీరి' అనే మందు ఉంది, బంగారు రంగు పాలు ఉన్నదని అర్థం. బ్రహ్మదండిని తుంచితే పసుపు పాలే వస్తయ్. అందుకే తర్వాతి కాలంలో ఆ పేరు దీనికి తగిలించారు. కానీ చరకుడి కాలంలో ఈ మొక్క ఇండియాలోనే లేదు! మరి ఆయన రాసింది దీని గురించి ఎట్లా అయితది?

ఇది ఉత్త పేర్ల గొడవ కాదు. ఈ పాలను గజ్జికి, కంటి జబ్బులకు వాడే నాటువైద్యం ఉంది. 'వేల ఏళ్ల ఆయుర్వేదం' అంటూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ వస్తే నమ్మబుద్ధి అయితది. కానీ దీని గింజల నూనెలో సాంగ్వినరిన్ అనే విషం ఉంది. అది సన్న రక్తనాళాల్ని దెబ్బతీస్తుంది. కాళ్లు వాస్తయ్, గుండె బలహీనపడుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. 1877లో కలకత్తాలో ఈ జబ్బును మొదటిసారి గుర్తించారు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ నూనె కలిసి అరవై మందికి పైగా చనిపోయారు.

మనం ఆవనూనె తక్కువ వాడతాం, కానీ ఆవకాయలో ఆవపిండి తప్పదు. బ్రహ్మదండి గింజలు అచ్చం ఆవాల్లాగే ఉంటయ్. కాబట్టి ఆవాలు కొన్నప్పుడు కొన్ని అరచేతిలో పోసి చూడండి. ఆవగింజ నున్నగా ఉంటుంది, చిదిమితే లోపల పసుపు. బ్రహ్మదండి గింజ గరుకుగా ఉంటుంది, లోపల తెలుపు.

ఇంట్లో ఎవరైనా ఈ పాలు కంట్లో వేసుకుంటామంటే కొట్లాడకండి, ఈ ఎపిసోడ్ చూపించి కంటి డాక్టర్ దగ్గరికి తీసుకపోండి. మీ ఊళ్లో ఈ మొక్కను ఏమంటారో కామెంట్‌లో రాయండి. ఉంటా మరి.