పరపతి నుంచి స్కోరు దాకా: రుణ విశ్వసనీయత చరిత్రలో వినియోగ నిష్పత్తి

వ్యాససంగ్రహం:
అప్పు ఇచ్చేవాడు అడిగేవాడిని ఎలా అంచనా వేస్తాడన్నది ఆర్థిక చరిత్రలోనూ సామాజిక చరిత్రలోనూ ముఖ్యమైన ప్రశ్న. ఇరుగుపొరుగు సాక్ష్యంతో మొదలైన ఈ అంచనా నేడు క్రెడిట్ స్కోరు అనే అంకెగా స్థిరపడింది. ఆ అంకెను నిర్ణయించే అంశాలలో క్రెడిట్ కార్డు బకాయికీ, కార్డు పరిమితికీ ఉన్న నిష్పత్తి ప్రధానమైనది. ఈ నిష్పత్తి ఏ చారిత్రక పరిస్థితులలో ప్రాధాన్యం పొందిందో, ‘పరపతి’ అనే తెలుగు పదానికి ఉన్న రెండు అర్థాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరపతి, రుణం, క్రెడిట్ కార్డు, వినియోగ నిష్పత్తి, క్రెడిట్ స్కోరు, సహకార సంఘాలు.

1. ప్రవేశిక

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు రెండు వాడుకలు ఉన్నాయి. ‘ఆయనకు ఊళ్లో మంచి పరపతి ఉంది’ అన్నప్పుడు పలుకుబడి అని అర్థం. ‘ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం’ అన్నప్పుడు అప్పు అని అర్థం. ఒకే మాట ఈ రెండింటినీ మోయడం యాదృచ్ఛికం కాదు. అప్పు పుట్టడానికి పలుకుబడి కావాలన్న సామాజికానుభవం ఆ పదంలో నిక్షిప్తమై ఉంది. ఆధునిక క్రెడిట్ స్కోరు ఈ రెండు అర్థాలనూ విడదీస్తానన్న హామీతో పుట్టింది. మనిషి ఎవరన్నది కాక, అతడు అప్పును ఎలా నడుపుకుంటున్నాడన్నదే కొలుస్తానని చెప్పింది. ఆ హామీ ఎంతవరకు నెరవేరిందో తేల్చడానికి వినియోగ నిష్పత్తి మంచి గీటురాయి.

2. ఇరుగుపొరుగు సాక్ష్యం

మద్రాసు ప్రభుత్వం కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపాలోని గ్రామీణ రుణ సంఘాలను అధ్యయనం చేసి, 1895లో తన నివేదిక తొలి సంపుటాన్ని సమర్పించాడు. జర్మనీలో రైఫైజన్ నెలకొల్పిన సంఘాల నమూనాను అందులో ప్రత్యేకంగా ప్రస్తావించాడు. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టం గ్రామీణ సంఘాలకు అపరిమిత బాధ్యతను సాధారణ నియమంగా పెట్టింది. ఒక సభ్యుడు ఎగవేస్తే మిగిలినవారు తమ ఆస్తితో సహా జవాబుదారీ కావలసిందే. కాబట్టి ఎవరికి అప్పు ఇవ్వవచ్చో సంఘంలోని వారే పరస్పరం తూచుకొనేవారు. వర్షం లేక పంట పోయినవాడినీ, చేతులారా చెడగొట్టుకున్నవాడినీ వేరుచేసి చూడగల జ్ఞానం ఆ పద్ధతికి ఉన్న బలం. కులం, కక్ష, మొహమాటం ఆ తూకంలోకి చొరబడే అవకాశం దాని బలహీనత.

3. శీలం పుస్తకాలకెక్కిన కాలం

ముఖపరిచయం లేనివారికి సరుకు అరువు ఇవ్వవలసి వచ్చినప్పుడు ఈ పద్ధతి చాలలేదు. అమెరికాలో 1837 నాటి ఆర్థిక సంక్షోభంలో దెబ్బతిన్న పట్టువస్త్ర వ్యాపారి లూయిస్ టాపన్, 1841లో న్యూయార్కులో మర్కంటైల్ ఏజెన్సీని స్థాపించాడు. ఊరూరా ఉన్న ప్రతినిధులు అక్కడి వర్తకుల ఆస్తిపాస్తులు, అలవాట్లు, నడవడిని గురించి రాసి పంపేవారు. ఆ వివరాలను పెద్ద పెద్ద ఖాతా పుస్తకాలలో ఎక్కించేవారు. గ్రామంలో నోటిమాటగా ఉన్న పరపతి ఇక్కడ మొదటిసారి అమ్మకపు సరుకైంది.

1899లో అట్లాంటాలో మొదలైన రిటైల్ క్రెడిట్ కంపెనీ ఇదే పనిని సామాన్య వినియోగదారుల విషయంలో చేసింది. నేటి ఈక్విఫాక్స్ ఆ సంస్థకు మారిన పేరే. కుటుంబ జీవితం, తాగుడు వంటి సొంత విషయాలు కూడా ఇటువంటి సంస్థల నివేదికలలో చేరాయి. వీటిపై వచ్చిన విమర్శల ఫలితంగా 1970లో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వచ్చింది. తన గురించి రాసినదేమిటో తెలుసుకొనే హక్కు, తప్పును సరిదిద్దమని అడిగే హక్కు వినియోగదారుడికి అప్పుడు చట్టబద్ధంగా లభించాయి. 1974లో వచ్చిన మరో చట్టం స్త్రీపురుష భేదం, వైవాహిక స్థితి ఆధారంగా రుణం నిరాకరించడాన్ని నిషేధించింది. 1976లో జాతి, మతం, వయస్సు వంటివి కూడా ఆ నిషేధంలో చేరాయి.

4. అంకెల రాక

గణాంకాలతో రుణగ్రహీతను అంచనా వేయవచ్చన్న ఆలోచన అంతకు ముందే ఉంది. 1941లో డేవిడ్ డురాండ్ వాయిదా రుణాలపై చేసిన అధ్యయనం, ఏ లక్షణాలున్నవారు అప్పు తీరుస్తున్నారో లెక్కగట్టి చూపింది. 1956లో ఇంజనీరు విలియం ఫెయిర్, గణితవేత్త ఎర్ల్ ఐజాక్ కలిసి స్థాపించిన సంస్థ ఆ ఆలోచనను వ్యాపారంగా మలచింది. అన్ని రుణసంస్థలూ వాడుకోదగిన సాధారణ స్కోరును ఆ సంస్థ 1989లో విడుదల చేసింది. ఫైకో స్కోరుగా ప్రసిద్ధమైనది అదే.

చట్టాలు మనిషి గుర్తింపునకు సంబంధించిన ప్రశ్నలలో చాలావాటిని మూసివేశాక, స్కోరు తయారీకి మిగిలిన ముడిసరుకు ఖాతా నడవడి. ఫైకో సంస్థ ప్రకటించిన స్థూల విభజన ప్రకారం చెల్లింపుల చరిత్రకు 35 శాతం, బకాయిల మొత్తానికి 30 శాతం, రుణచరిత్ర నిడివికి 15 శాతం, కొత్త రుణాలకు 10 శాతం, రుణాల రకాలకు 10 శాతం ప్రాధాన్యం ఉంది. వినియోగ నిష్పత్తి ఈ రెండవ భాగంలోని ముఖ్యాంశం.

5. నిష్పత్తికి ఆధారమైన తిరుగుడు అప్పు

ప్రామిసరీ నోటు మీద తెచ్చిన అప్పుకు వినియోగ నిష్పత్తి ఉండదు. తీసుకున్నదెంతో, తీర్చవలసినదెంతో నోటు మీదే ఉంటుంది. 1950లో వచ్చిన డైనర్స్ క్లబ్ కార్డులో కూడా నెల తిరిగేసరికి మొత్తం చెల్లించాలి. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరంలో దాదాపు 60,000 మందికి, వారు అడగకుండానే, కార్డులు పంపింది. కొంత కట్టి మిగిలినది వచ్చే నెలకు మోసుకుపోయే తిరుగుడు అప్పు ఆ కార్డుతో సామాన్య కుటుంబాలకు విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది.

ఈ అప్పులో ఎంత వాడుకోవాలో, కనీస మొత్తానికి మించి ఎంత కట్టాలో ప్రతినెలా నిర్ణయించుకొనేది రుణగ్రహీతే. అందువల్ల పరిమితికి అతడు ఎంత దగ్గరగా ఉన్నాడన్నది అతడి చేతిలోని వెసులుబాటుకు సూచిక అయింది. పరిమితి అంచున ఉన్నవారిలో వాయిదా తప్పేవారు ఎక్కువన్న గణాంక సంబంధమే స్కోరులో ఈ నిష్పత్తికి చోటిచ్చింది.

6. నిష్పత్తి పనిచేసే తీరు

కార్డు బకాయిని పరిమితితో భాగించి నూరుతో గుణిస్తే వినియోగ నిష్పత్తి వస్తుంది. ఒకరికి 1,00,000 రూపాయల పరిమితితో ఒక కార్డు, 50,000 పరిమితితో మరో కార్డు ఉన్నాయనుకుందాం. మొదటి కార్డు మీద 45,000 బకాయి ఉంటే మొత్తం నిష్పత్తి 30 శాతం. వాడడం లేదు కదా అని రెండవ కార్డును రద్దు చేసుకుంటే, ఒక్క రూపాయి అదనంగా వాడకపోయినా నిష్పత్తి 45 శాతానికి పెరుగుతుంది. మొత్తం నిష్పత్తితో పాటు ఒక్కొక్క కార్డు నిష్పత్తిని కూడా స్కోరు పద్ధతులు గమనిస్తాయి. 30 శాతం అన్నది జాగ్రత్తకు చెప్పే గుర్తు మాత్రమే. అక్కడ స్కోరు హఠాత్తుగా కూలిపోదు. నిష్పత్తి తగ్గేకొద్దీ సాధారణంగా మేలు.

మరొక విషయం సమయానికి సంబంధించినది. సంస్థకు చేరేది నివేదించిన నాటి బకాయి. గడువులోగా పూర్తిగా కట్టి, వడ్డీ ఒక్క పైసా చెల్లించనివారి నివేదికలో కూడా పెద్ద బకాయి కనిపించవచ్చు. అయితే వాయిదా తప్పిన మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. నిష్పత్తి ప్రభావం మాత్రం, పాత స్కోరు పద్ధతులలో, బకాయి తగ్గిన తరువాతి నివేదికతోనే తగ్గిపోతుంది. 2020లో ప్రకటించిన ఫైకో 10 టి వంటి పద్ధతులు గత నెలల బకాయిల పోకడను కూడా లెక్కలోకి తీసుకుంటున్నాయి.

7. భారతదేశంలో, తెలుగునాట

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి దేశంలో ఆ రంగంలోని తొలి బ్యాంకుల సరసన నిలిచింది. రుణ సమాచారాన్ని ఒకచోట చేర్చే సిబిల్ సంస్థ 2000లో ఏర్పడింది. 2005లో రుణ సమాచార సంస్థల నియంత్రణ చట్టం వచ్చింది. సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. ఏడాదికొక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం 2017 నుంచి అమలైంది. రుణసంస్థలు పదిహేను రోజులకొకసారి వివరాలు పంపాలన్న నియమం 2025 జనవరి 1 నుంచి వచ్చింది.

సమాచారం లేకపోవడం కూడా ప్రమాదమేనని తెలుగునాట సూక్ష్మరుణ సంక్షోభం చూపింది. ఒకే కుటుంబానికి పలు సంస్థలు అప్పులిచ్చి, వసూళ్ల ఒత్తిడి తీవ్రమైన నేపథ్యంలో, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తరువాత మాలేగాం కమిటీ రుణ సమాచార సంస్థల అవసరాన్ని ప్రస్తావించింది. ఎవరికెంత అప్పుందో తెలియడం రుణగ్రహీతకు కూడా రక్షణే.

8. పరిశీలన

ఇద్దరు ఉద్యోగులు నెలకు 30,000 రూపాయలు కార్డు మీద ఖర్చుచేసి, గడువులోగా పూర్తిగా చెల్లిస్తున్నారనుకుందాం. ఒకరి పరిమితి 40,000, మరొకరిది 3,00,000. మొదటివారి నిష్పత్తి 75 శాతం, రెండవవారిది 10 శాతం. ఇద్దరి నడవడి, నిజాయితీ ఒక్కటే. తేడా అంతా హారంలో ఉంది. ఆ హారాన్ని నిర్ణయించేది రుణసంస్థ. అది చూసేవాటిలో ఆదాయం, ఉద్యోగం ప్రధానమైనవి. అంటే స్కోరు ముందు ద్వారంలో ఆపిన సామాజిక స్థాయి, పరిమితి రూపంలో పెరటిద్వారం గుండా లోపలికి వస్తోంది. పరపతికి ఉన్న రెండు అర్థాలూ మళ్లీ కలుస్తున్నది ఇక్కడే.

పాత సంఘంలోని సభ్యుడు ‘ఎందుకు బాకీ పడ్డావు’ అని అడిగేవాడు. నిష్పత్తి ఆ ప్రశ్న అడగదు. ఆసుపత్రి ఖర్చుకు వాడిన 30,000, విలాసానికి వాడిన 30,000 దానికి ఒకటే. అయితే కారణం అడగని గుణమే కులాన్నీ మతాన్నీ అడగకుండా కూడా చేసింది. ఈ లాభనష్టాలను కలిపే చూడాలి.

9. ముగింపు

నోటిమాట, ఖాతా పుస్తకం, అంకె అన్న మూడు దశలలో రుణ విశ్వసనీయత కొలమానం మారింది. గుర్తింపుపై ఆధారపడిన వివక్షను చట్టం నిషేధించిన కాలంలో, తిరుగుడు అప్పు విస్తరించిన నేపథ్యంలో వినియోగ నిష్పత్తి ప్రాధాన్యం పొందింది. అది నడవడిని కొలుస్తుంది, దానితో పాటు పరిమితిని ఇచ్చినవాడి అంచనాను కూడా కొలుస్తుంది. కాబట్టి తక్కువ స్కోరును శీలలోపంగా భావించడం చారిత్రకంగానూ తార్కికంగానూ సరికాదు. కార్డు పట్టిన ప్రతివారికీ ఈ లెక్క తెలుగులో, సులభంగా అందాలి. తనను తూచే తరాజు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మనిషికి కనీస హక్కు.