ఆలయముల నీడలో ఆరోగ్యశాలలు

మొయినాబాద్ మండలములోని చిలుకూరు బాలాజీ దర్శనమునకై చేవెళ్ల రహదారి మీదుగా వచ్చు మనకు దారి పొడవునా క్రొత్త కట్టడములు కానవచ్చుచున్నవి. వానిలో వైద్యకళాశాలలు కలవు, ఆసుపత్రులు కలవు, వృద్ధాశ్రమములు కలవు. పిల్లలు దూరదేశములలో స్థిరపడగా కడపటి దినములను ఈ ప్రాంతమున గడుపవచ్చిన పెద్దలు పలువురు. వ్యాధిగ్రస్తునికి, వృద్ధునికి కట్టు ఇల్లు ఎట్లుండవలెనను ప్రశ్న నేటిదిగా తోచవచ్చును గాని, మన పూర్వులు దీనిని ఏనాడో విచారించిరి.

చరక సంహిత సూత్రస్థానమున 15వ అధ్యాయము ఈ విషయమునే చెప్పుచున్నది. చికిత్సకు ముందే వాస్తువిద్య యందు నేర్పరియైనవాడు ఒక గృహమును సిద్ధపరుపవలెను. అది దృఢముగా ఉండవలెను. పెనుగాలి తాకరాదు, అయినను ఒక వైపు నుండి గాలి చక్కగా ఆడవలెను. లోపల సుఖముగా తిరుగాడుటకు చోటుండవలెను. పొగ, ఎండ, నీరు, దుమ్ము చొరరాదు. త్రాగునీరు, రోలు, రోకలి, మరుగుదొడ్డి, స్నానపు చోటు, వంటశాల అన్నియు అందుబాటులో ఉండవలెను. పరిచారకులతో పాటు పాటలు పాడువారు, కథలు చెప్పువారు ఉండవలెనట. దూడతో కూడిన పాడియావు కూడ ఉండవలెనట! ఇంటి లక్షణములు చెప్పు చోటనే కథకుని గూడ లెక్కించిన శాస్త్రమిది.

అయితే ఆ అధ్యాయము రాజులను, సంపన్నులను ఉద్దేశించినది. అందరు మనుష్యులకు అన్ని సాధనములు ఉండవు గనుక, పేదవాడు తనకు లభించిన దానితోనే చికిత్స చేసికొనవలెనని అందే చెప్పబడినది. ఈ లోటును కొంతవరకు పూరించినవి ఆలయములు.

కాంచీపురము చేరువ తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ ఆలయమున వీరరాజేంద్ర చోళుని శాసనము కలదు. అది 11వ శతాబ్దము నాటిది. ఆ ఆలయము వేదపాఠశాలను, విద్యార్థుల వసతిగృహమును, 15 పడకల ఆరోగ్యశాలను నడిపినది. ఒక వైద్యుడు, ఒక శస్త్రచికిత్సకుడు, మూలికలు తెచ్చువారు, పరిచారికలు, ఒక మంగలి, వీరికి ఇచ్చు జీతములు, నిలువ ఉంచవలసిన ఔషధముల పేర్లు రాతిపై చెక్కబడినవి. స్వామివారి నైవేద్యముల లెక్క ఎంత శ్రద్ధగా వ్రాసిరో రోగి మందుల లెక్కయు అంత శ్రద్ధగా వ్రాసిరి.

మన తెలుగునాట ఇంతకన్న గొప్ప సాక్ష్యము మల్కాపురము శాసనము. గుంటూరు ప్రాంతమున మందడము చెంత శక సంవత్సరము 1183, అనగా క్రీ.శ. 1261లో రుద్రమదేవి కాలమున వెలసినది. గణపతిదేవుడును రుద్రమదేవియు గోళకీ మఠాచార్యుడగు విశ్వేశ్వర శంభువునకు గ్రామములను దానమీయగా, ఆ ఆదాయము నుండి ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము నడచునట్లు ఆయన ఏర్పాటు చేసెను. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని నియమము. ప్రసూతిశాలను వేరుగా పేర్కొనుట మాకు మిక్కిలి ఆదరణీయముగా తోచుచున్నది.

ఇక మన చేరువ చరిత్ర. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచినది. నది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశనమైనది. ఆ ఆవరణలోని చింతచెట్టునెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. ఆ చోటనే 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రి లేచినది. రూపకర్త విన్సెంట్ ఎష్ ఆంగ్లేయుడైనను, విలాయతీ భవనమును తెచ్చి ఇక్కడ నిలుపలేదు. సున్నము, ఎత్తైన కప్పులు, వసారాలు, గుమ్మటములతో ఈ నగరమునకు చెందినదను రూపమే ఇచ్చెను. ఎంతటి కట్టడమైనను ఆలనాపాలనా లేనిచో ఏమగునో అదియే చూపినది. 2020 జూలైలో వాననీరు వార్డులలోనికి రాగా పాత భవనమును ఖాళీ చేయించిరి.

ఆ వరద పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. మొయినాబాద్, చేవెళ్ల గ్రామములు అనేకము ఈ రెండు చెరువులకు నీరందించు భూములు. మూసీ పుట్టిన అనంతగిరి చేవెళ్లకు పడమటనే, అనంత పద్మనాభస్వామి సన్నిధిలో ఉన్నది. ఆ కొండపై క్షయరోగులకు చికిత్సాలయము వెలసినది అచటి గాలి కొరకే.

ఇట్టి చోట కట్టు ఆరోగ్యశాలకు స్థానికత యనగా ఏమి? కాంక్రీటు డబ్బా ముందు సిమెంటు గోపురమును అతికించుట కాదు. అది అలంకారము మాత్రమే. అద్దముల గోడలైతే మరియు చేటు. మే నెల ఎండను లోనికి పిలిచి, దానిని యంత్రములతో వెడలగొట్టుటకు కరెంటు కాల్చుటయే యగును.

మన పాత ఇండ్లను చూడుడు. మందపు గోడలు, గానుగ సున్నము, గూనపెంకులు, నడుమ వాకిలి, చుట్టు వసారా, వీధి వైపు అరుగు. నేలపై తాండూరు బండలు పరచిన ఇండ్లు వేసవిలోను పాదమునకు చల్లగా ఉండును. నునుపు చేయని బండ అయినచో ముసలివారి కాలు జారదు. నడుమ వాకిలి చుట్టు వసారా ఉన్నచో, వానలోను ఎండలోను రోగి తిరుగాడవచ్చును. చరకుడు కోరిన సుఖసంచారము ఇదియే. చిలుకూరులో 11, 108 ప్రదక్షిణములు చేసిన మన పెద్దలకు నడక వ్యాయామము కాదు, సేవ. నడుమ ఒక తులసికోట ఉన్నచో మంచము దిగుటకు వెనుదీయువారు కూడ రెండు చుట్లు తిరుగుదురు. అరుగు సంగతి చెప్పనక్కరలేదు. వచ్చిపోవువారిని చూచుచు కూర్చుండుటయే సగము ఔషధము.

పాతది యంతయు మంచిదని మేము చెప్పుట లేదు. ఎత్తైన గడప చక్రముల కుర్చీకి అడ్డు, తడబడు కాలికి అపాయము. దానిని నేలమట్టము చేసి పసుపు కుంకుమలు ప్రక్క ద్వారబంధమునకే పెట్టుకొనవచ్చును. పెరటి చివరి మరుగుదొడ్డి రాత్రివేళ పెద్దలకు పనికిరాదు. పడక ప్రక్కనే ఉండవలెను. అరుగునకు మెట్లతో పాటు వాలుబాట వేయవలెను. శస్త్రచికిత్స గదికి నేటి విధానమే శరణ్యము. అచట పెంకుటిల్లు పేరెత్తరాదు.

అన్నిటికన్న ముఖ్యము మురుగునీరు. జలాశయముల రక్షణకై 1996లో 111వ ఉత్తర్వు వెలువడినది. 2022లో 69వ ఉత్తర్వు సడలింపులు తెచ్చినది. ఉత్తర్వు ఏదైనను వాలు మారదు. ఇచ్చట ఆసుపత్రి విడిచిన నీరు శుద్ధి కానిచో చెరువునకే పోవును. కావున దాతలు భూమి ఇచ్చునప్పుడు కాగితములతో పాటు ఒక వర్షాకాలము ఆ చేనును చూడుట మేలు. నీరు ఎటు పారునో, ఎచట నిలుచునో ఊరి రైతులు చెప్పగలరు. మురుగును శుద్ధిచేయు తొట్ల చోటు ముందు గుర్తించి, ఉన్న మర్రిని, వేపను నరుకక, వాని నీడ పడు వైపున వసారా వచ్చునట్లు పటము గీయించవలెను.