కొత్వాల్ మెట్లు, సేత్‌సింధి గడప

పోలీసు అనగానే మన ఉద్యమాల్లో లాఠీ, లాకప్పు, ఎన్‌కౌంటర్ చర్చకొస్తాయి. రావలసిందే. కాని ఆ లాఠీ పట్టినవాడికి ఆర్డరిచ్చే కుర్చీలో ఎవరు కూర్చున్నారు, ఆ కుర్చీ దాకా ఏ దారిన వచ్చారు అనే ప్రశ్నను మనం పెద్దగా వేసుకోలేదు. 'ఎవడు కూర్చుంటే ఏంది, రాజ్యం రాజ్యమే కదా' అని కొందరు మిత్రులు అంటారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. అయినా ఒక్క విషయం గమనించాలి. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 1995లో నియమాలు వచ్చాయి. వాటిలో ఏడో నియమం ప్రకారం ఈ చట్టం కింద పెట్టిన కేసును డీఎస్పీకి తక్కువకాని అధికారే దర్యాప్తు చెయ్యాలి. కమిషనరేట్‌లో అయితే ఏసీపీ. అంటే పోలీసు నిచ్చెన మీద ఆ ఒక్క మెట్టుకూ వాడల్లో బతికే మనకూ సూటిగా సంబంధం ఉంది. ఎఫ్ఐఆర్ ఎవరు రాసుకున్నా, సాక్షిని కూర్చోబెట్టి మాట్లాడేదీ, కులం నిర్ధారించేదీ, చార్జిషీటు వేయాలో కేసు మూసేయాలో తేల్చేదీ ఆ మెట్టు మీదున్న మనిషి.

ఈ మాట మేము పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గోడ పక్క ఊరు గోపన్‌పల్లి. అప్పట్లో నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా ఊళ్ళలో చాలావరకు నిజాం సొంత సర్ఫెఖాస్ కిందో, పాయెగాల, జాగీర్ల కిందో ఉండేవి. ఇప్పుడీ వైపంతా సైబరాబాద్. 2003లో ఇక్కడ కొత్త పోలీసు కమిషనరేట్ మొదలైంది. మరుసటి ఏడే, 2004లో, దానికోసం ప్రత్యేక చట్టం చేశారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోతే కేసు నమోదైంది ఈ కమిషనరేట్ పరిధిలోనే. దర్యాప్తు అధికారి మాదాపూర్ ఏసీపీ. కేసు మూసేయమంటూ పెట్టిన నివేదికలో రోహిత్ ఎస్సీ కాడని రాశారు. 2024 మేలో అది బయటికొచ్చాక తల్లి, విద్యార్థులు అభ్యంతరం చెప్పడంతో మళ్ళీ దర్యాప్తు చేయిస్తామని డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది. చచ్చిపోయిన పిల్లవాడి కులం మీద సంతకం ఏ మెట్టు నుంచి పడిందో చూడండి.

అందుకని ఆ మెట్టు చరిత్ర కొంచెం తవ్వుదాం.

నిజాం రాజ్యంలో పోలీసుకు రెండు మొహాలుండేవి. జిల్లాల పోలీసు ఒకటి, హైదరాబాద్ నగరానికి వేరుగా కొత్వాల్ ఒకడు. నగర కొత్వాల్ అంటే మామూలు అధికారి కాడు, నిజాం దగ్గరికి నేరుగా పోగలిగినవాడు. ఆ పదవిలో మన తెలుగువాళ్ళకు బాగా తెలిసిన పేరు రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి (1869–1953). వనపర్తి ప్రాంతపు మనిషి. ఇరవై ఏళ్ళు నిండకముందే అమీన్‌గా చేరాడు. అమీన్ అంటే ఇప్పటి లెక్కలో సబ్‌ఇన్‌స్పెక్టర్. అక్కడినుంచి జిల్లాల్లో పనిచేసి పైకెక్కుతూ, కొత్వాల్‌కు సహాయకుడిగా నగరానికొచ్చి, 1920లో తానే కొత్వాల్ అయ్యాడు. 1934 దాకా ఉన్నాడు. ఆ పదవికి వచ్చిన తొలి హిందువు అని చెప్పుకుంటారు. సురవరం ప్రతాపరెడ్డి ఆయన జీవితచరిత్ర రాశాడు. నారాయణగూడలో విగ్రహం కూడా ఉంది.

ఆయన సమర్థుడు కాదని మేము అనడం లేదు. ముస్లిం ప్రభువుల రాజ్యంలో ఒక తెలుగు గ్రామీణుడు అంత ఎత్తుకు పోవడం చిన్న సంగతేమీ కాదు. మా ప్రశ్న వేరే. ఆయన ఎక్కిన మొదటి మెట్టు అమీన్ మెట్టు. ఆ మెట్టు కింద ఏముండేది?

కింద ఊరుండేది. ఊళ్ళో పోలీసు పటేల్ ఉండేవాడు. తెలంగాణలో ఎక్కువచోట్ల రెడ్డి, వెలమ కుటుంబాలకు వంశపారంపర్యంగా వచ్చిన పని అది. శిస్తు సంగతి మాలీ పటేల్‌ది, లెక్కలు పట్వారీవి, నేరాల కబురు పోలీసు పటేల్‌ది. ఆ పోలీసు పటేల్ కింద కాళ్ళరిగేలా తిరిగేవాడు సేత్‌సింధి. చాలా ఊళ్ళలో మాదిగ, మాల కుటుంబాల మనిషి, కొన్నిచోట్ల ముత్రాసు. రాత్రి గస్తీ తిరగాలె. దొంగ జాడ తియ్యాలె. దొరికినవాణ్ణి ఠాణా దాకా నడిపించాలె. శవం దొరికితే పంచనామా అయ్యేదాకా దాని పక్కన కాపలా కూర్చోవాలె. అమీన్ సాబ్ దౌరాకొస్తే గుర్రానికి గడ్డి, సామానుకు మనిషి, పొయ్యికి కట్టెలు – అన్నీ వీడే, వీడి వాడే. కూలి అంటే కల్లం కాడ గింజలు, ఎక్కడన్నా చెక్కముక్క ఇనాం భూమి.

మా తాత సేత్‌సింధి. ఊరి పేరెందుకులే. ఆయనకు చుట్టుపక్కల పదూళ్ళ దొంగల పేర్లు, వాళ్ళ నడకలు సహా తెలుసని మా నాయనమ్మ చెప్పేది. 'మీ తాత జాడ వడితె పటేలుకు పేరొచ్చేది, జాడ తప్పితె మీ తాతకు దెబ్బలొచ్చేటియి' అనేది. పోలీసు పనిలో నేరపరిశోధన అని ఇవాళ అకాడమీలో నేర్పే విద్యలో కొంతభాగం ఆయనకు చేతనైందే. కాని ఆ విద్యకు ప్రమోషన్ లేదు. సేత్‌సింధి కొడుకు సేత్‌సింధే. అమీన్ నుంచి కొత్వాల్ దాకా మెట్లున్నాయి, సేత్‌సింధి నుంచి అమీన్ దాకా మెట్టే లేదు. వాడు నిచ్చెన అడుగున ఉన్నవాడు కూడా కాదు. నిచ్చెనను మోస్తున్నవాడు.

వెంకటరామారెడ్డి చేసిన ఇంకో పనిని మన చర్చల్లో తక్కువ పట్టించుకుంటాం. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టించడంలో ముందున్నవాడు ఆయనే. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు నగరంలో ఉండ చోటు, తిండి, పుస్తకం. తర్వాతి తరంలో తెలంగాణ రాజకీయాలకు, ఉద్యోగాలకు ఆ హాస్టల్ నుంచి ఎంతమంది పోయారో అందరికీ తెలిసిందే. ఒక్కడు పైకెక్కితే చాలదు, నిచ్చెన మొదలు ఎక్కడ నాటాలో ఆ కొత్వాల్‌కు అర్థమైంది. అదే కాలంలో భాగ్యరెడ్డి వర్మ కూడా అదే నగరంలో ఆది హిందూ బడులు నడిపాడు. ఆయన వెనుక సంస్థానం లేదు, కొత్వాలీ లేదు. ఇద్దరి పేర్లలోనూ 'రెడ్డి' ఉండటం చూసి ఇప్పటి పిల్లలు తికమక పడుతుంటారు. వర్మ మాల కులస్థుడు, పేరులోని రెడ్డి గురువు ఇచ్చిందని చెప్పుకోవాల్సి వస్తున్నది.

1948 పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. కొత్వాల్ కమిషనరయ్యాడు. అయితే 1348 ఫస్లీ నాటి, అంటే 1938–39 ప్రాంతపు, హైదరాబాద్ సిటీ పోలీసు చట్టం మాత్రం ఇంకా బతికే ఉంది. నగరంలో నిషేధాజ్ఞలు ఇచ్చినప్పుడు దాని పేరు వినబడుతూనే ఉంటుంది. ఇక నిచ్చెన సంగతికొస్తే, మనకు దక్కింది బ్రిటిష్ ఇండియా నిచ్చెన. 1902–03లో ఫ్రేజర్ అధ్యక్షతన కూర్చున్న పోలీసు కమిషన్ దాన్ని గట్టిగా బిగించింది. కానిస్టేబుల్‌గా చేరినవాడు పైకి వచ్చే దారిని ఇరుకు చేసి, సబ్‌ఇన్‌స్పెక్టర్లను ఎక్కువగా బయటినుంచి నేరుగా తీసుకోవాలంది. ఇండియన్ల కోసం డిప్యూటీ సూపరింటెండెంట్ అనే మెట్టు పెట్టమంది. ఆపైన దొరలు. దొరలు పోయారు, మెట్లు ఉన్నాయి.

ఇవాళ పోలీసులోకి పోవడానికి నాలుగు తలుపులు. కానిస్టేబుల్, ఎస్ఐ, గ్రూప్ వన్ డీఎస్పీ, సివిల్స్ రాసి ఐపీఎస్. ఏ తలుపు నుంచి లోపలికొచ్చావన్నదే నువ్వు ఏ గదిలో రిటైరవుతావో చెప్పేస్తుంది. కానిస్టేబుల్‌గా చేరినవాడు హెడ్ కానిస్టేబుల్, ఏఎస్ఐ దాకా పోయి ఇంటికొచ్చేస్తాడు, అదృష్టం బాగుంటే ఎస్ఐ. ఎస్ఐగా చేరినవాడు సీఐ, డీఎస్పీ కాగలడు. డీఎస్పీగా చేరినవాడికి ఎనిమిదేళ్ళ సర్వీసు తర్వాత ఐపీఎస్ ప్రమోషన్ కోటాలో వంతు రావచ్చు. ఆ కోటా మూడో వంతు, దాంట్లో రిజర్వేషన్ లేదు. నేరుగా ఐపీఎస్ అయినవాడు ఏఎస్పీగా మొదలుపెట్టి, కొద్ది ఏళ్ళలోనే ఎస్పీగా జిల్లా మీద కూర్చుంటాడు.

'రిజర్వేషన్లున్నాయి కదా, ఇంకేం కావాలి?' అని అడిగేవాళ్ళకు ఒక లెక్క చెప్పాలి. సివిల్స్‌కు జనరల్ వాళ్ళ వయోపరిమితి 32, ఎస్సీలకు 37. ఇది మనకిచ్చిన వెసులుబాటే, అందులో అనుమానం లేదు. కాని దాని రెండో పక్కన ఏం రాసుందో చూడాలి. ఐపీఎస్‌లో డీఐజీకి పద్నాలుగేళ్ళు, ఐజీకి పద్దెనిమిది, అదనపు డీజీకి ఇరవైఐదు, డీజీకి ముప్పై ఏళ్ళ సర్వీసు కావాలి. రిటైర్మెంటు అరవైకి. ఇరవైనాలుగేళ్ళకు చేరినవాడికి ముప్పై ఏళ్ళు నిండేసరికి ఇంకా ఆరేళ్ళు మిగిలుంటాయి. ముప్పై అయిదుకు చేరినవాడు ఇరవైఐదేళ్ళకే పెట్టె సర్దుకోవాలి. ఎంత నిజాయితీగా, ఎంత తెలివిగా పనిచేసినా డీజీ కుర్చీకి ఆ మనిషి వయసే అడ్డం. మరి ముప్పై అయిదు దాకా ఏం చేశాడు? ఇంగ్లీషు నేర్చుకున్నాడు. చెల్లె పెండ్లి చేశాడు. చిన్న ఉద్యోగం చేస్తూ రాత్రుళ్ళు చదివాడు. మూడు తరాల ఆలస్యాన్ని ఒక్కడు మోసుకొచ్చి పరీక్ష రాశాడు. సీనియారిటీ లిస్టులో ఆ మూడు తరాలకు కాలమ్ లేదు.

ప్రమోషన్లలో రిజర్వేషన్ మీద జరిగిన పోరు కూడా ఈ లెక్కలోదే. 1992లో ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు ప్రమోషన్లలో రిజర్వేషన్ కుదరదంది. 1995లో 77వ సవరణతో పార్లమెంటు దాన్ని తిరిగి తెచ్చింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్ ఉత్తర్వు ఇచ్చింది. 2006లో నాగరాజ్ తీర్పు మళ్ళీ షరతులు పెట్టింది. ఒక తలుపు తెరుచుకోవడం, దాని వెనుక ఇంకో గడియ పడటం. ఇందులోనే ఇంకో మాట మనవాళ్ళు మనసులో పెట్టుకోవాలి. ఎస్సీల వాటా కింద వచ్చిన పై మెట్లలో మాదిగలెందరు, మాలలెందరు, ఉపకులాల వాళ్ళెందరు అని దండోరా ఉద్యమం 1994 నుంచి అడుగుతూ వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకున్నది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో చట్టం అమలుకొచ్చింది. అడగటం ఇబ్బందిగా ఉన్నా అడగాల్సిన ప్రశ్నే అని మా అభిప్రాయం.

పైకి పోయినవాళ్ళలో ఒకరి దారి వేరుగా కనబడుతుంది. ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్. అలంపూర్ నుంచి వచ్చిన దళితుడు, 1995 బ్యాచ్ ఐపీఎస్. కరీంనగర్ ఎస్పీగా చేశాడు. నక్సలైట్ ఉద్యమ కాలంలో పోలీసు అధికారిగా ఆయన పాత్ర మీద చర్చ ఉంది, ఉండాలి కూడా. 2012లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి అయ్యాడు. పోలీసు లోకం కళ్ళతో చూస్తే అది పక్కకు పెట్టే పోస్టు. ఆయన అక్కడే తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది ఆ గురుకులం నుంచే. 2021లో ఇంకా సర్వీసుండగానే ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి పోయాడు. పార్టీలు మారడం మీద మాకు మా విమర్శ ఉంది. కాని నూరేళ్ళ కింద ఒక కొత్వాల్ హాస్టల్ దగ్గర ఆగిన చోటే ఈ ఐపీఎస్ కూడా ఆగాడన్నది మేము దాటిపోలేని విషయం.

మరి సేత్‌సింధి ఏమయ్యాడు? 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో పటేల్, పట్వారీ పదవులు రద్దు చేసింది. ఊరంతా పండుగ చేసుకున్నది. పటేల్ పోయాడు, కాని కింద పనిచేసేవాడు పోలేదు. పేరు మాత్రం మారింది. గ్రామ సేవకుడు, తర్వాత వీఆర్‌ఏ. వాళ్ళను రెవెన్యూ కింద ఉంచారు. రాత్రి గస్తీ తిరిగిన కుటుంబాలకు పోలీసు శాఖతో కాగితపు చుట్టరికం కూడా తెగిపోయింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై వేలకు పైగా వీఆర్‌ఏలను పర్మనెంట్ చేసి రకరకాల శాఖల్లో సర్దింది. గస్తీ పని మాత్రం ఆ వాడల్ని వదల్లేదు. గోపన్‌పల్లి చుట్టూ లేచిన కంపెనీల, అపార్టుమెంట్ల గేట్ల దగ్గర రాత్రిపూట నిలబడ్డ గార్డుల్ని మీ ఊరేది, మీ తాత ఏం చేసేటోడు అని అడిగి చూడండి. మేము అడిగాం. ఒకాయన 'మా తాత గూడ ఇదే పని సారూ, గప్పుడు లాంతరుండె' అన్నడు.

మా చిన్నాయన కొడుకు కానిస్టేబుల్. మా ఇంట్లో యూనిఫాం వేసిన మొదటివాడు. డిపార్ట్‌మెంట్‌లోనే ఉండి ఎస్ఐ పరీక్ష రాస్తున్నాడు. ఈ వ్యాసం కోసం కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు డ్యూటీ దిగి వచ్చాడు. 'అన్నా, ఇప్పుడు ఎస్ఐ కొడితె, నేను రిటైరయ్యేనాటికి డీఎస్పీ అయితనా? మనోళ్ళ కేసులు నేను జూస్తనా?' అని అడిగాడు. ఇద్దరం కలిసి కాగితం మీద ఏళ్ళు వేశాం. ఖాళీలు ఆలస్యం కాకుండా, కోర్టు కేసులు అడ్డం రాకుండా, అంతా సాఫీగా పోతే ఆఖరి రెండు మూడేళ్ళు అందొచ్చు, అందకపోనూ వచ్చు. వాడు ఆ కాగితం చాలాసేపు చూశాడు. తర్వాత దాని వెనక తన బిడ్డ పుట్టిన ఏడు రాసి, పక్కన ఇరవైఒకటి కలిపి, గ్రూప్ వన్‌కు ఏ ఏట కూర్చోవచ్చో లెక్క తీయమని నాకిచ్చాడు.