బాణీ కట్టినదెవరు?

శ్రీకాకుళంలో మా డిగ్రీ విద్యార్థులకు భావకవిత్వం చెప్పేటప్పుడు ‘జయ జయ జయ ప్రియభారత’ గీతం ప్రస్తావనకు రాక తప్పదు. రాసినవారు దేవులపల్లి కృష్ణశాస్త్రి అని తరగతి అంతా ఒక్క గొంతుతో చెబుతుంది. బాణీ ఎవరిదని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు మెదపరు. అందుకు వారిని తప్పు పట్టలేను. చాలా ఏళ్లు నేనూ ఆ పేరు చెప్పకుండానే పాఠం ముగించాను.

ఆ బాణీ కృష్ణశాస్త్రి మేనకోడలు వింజమూరి అనసూయాదేవిది. ఆమె 1920లో కాకినాడలో పుట్టారు. ఎనిమిదేళ్ల ప్రాయంలోనే ఆమె గొంతు గ్రామఫోను రికార్డుకెక్కింది. సంగీతసభ అంటే కృతులూ కీర్తనలే అనుకునే కాలంలో హార్మోనియం వాయిస్తూ, చెల్లెలు సీతతో కలిసి పాడుతూ, ఆమె కవుల గేయాలకూ పల్లెపాటలకూ వేదికమీద చోటు సంపాదించారు. రేడియో ఆ పాటను ఇంటింటికీ చేర్చింది.

మరి చరిత్రలో ఆమెకు చోటేది? సాహిత్య చరిత్రకారుడికి అచ్చులో కనిపించే మాట కావాలి; బాణీ అచ్చులో కనిపించదు. సంగీత పండితుడికి జానపదం శాస్త్రం కాదు. ఇక మన అభ్యుదయవాదుల సంగతి? 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలినీ, నాజర్ బుర్రకథనూ సగర్వంగా చెప్పుకుంటాం. అదే పల్లెబాణీని పట్టుకున్న ఈమెను, భావకవుల ఇంటి ఆడపడుచు గనుక, అవతలి శిబిరంలో వదిలేశాం.

అలాగని ఆమె కృషి విమర్శకు అతీతం కాదు. ఊడ్పుచేలో నడుం వంచిన కూలిస్త్రీ పాట మైకు ముందుకు వచ్చేసరికి కాళ్ల బురద కడుక్కునే వచ్చింది. సొగసు మిగిలి శ్రమ మరుగుపడింది. మొదట ఆ పాట పాడిన స్త్రీల పేర్లు ఎక్కడా లేవు. అనసూయకు జరిగిన అన్యాయం చెబుతూ వారికి జరిగినదాన్ని కప్పిపుచ్చరాదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆమెను కళాప్రపూర్ణతో గౌరవించింది. 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆమె కన్నుమూశారు. బిరుదులు దక్కాయి గాని, పాఠంలో ఒక్క వాక్యం దక్కలేదు.

ఇప్పుడు ఆ గీతం చెప్పినప్పుడు నల్లబల్లమీద రెండు పేర్లు రాస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం పల్లెలనుంచి వచ్చే పిల్లలు అమ్మమ్మల పాటలు రాసి తెస్తే, పాట కింద పాడినామె పేరూ, ఊరూ, ఆమె చేసే పనీ రాయమంటున్నాను. ‘కర్త అజ్ఞాతం’ అని రాయడానికి ముందు, అడిగి తెలుసుకోవలసిన బాధ్యత మనది.